కెమెరాను కంబళి మీద పడుకోబెట్టిన మనిషి

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను మదనపల్లె టమోటా మండీలో పాట పాడుతున్నాను. కీర్తన కాదు, వేలం పాట. వారమంతా నాకు కూడు పెట్టేది అదే, వాక్యం ఆదివారానికి. జేబులో ఫోను మోగింది. పెద్దమండ్యం పక్క పల్లెలో ఉండే ఒక అమ్మాయి. ఇంటర్ చదువుతోంది. నాకెప్పుడూ ఫోన్ చేయదు.

"అయ్యా, ఎనిమిది దాటి అర్ధగంటయింది. వీడియో మామ ఫోన్ చేయలేదు," అంది.

"బండి మీద ఉంటాడేమోలేమ్మా."

"బండి ఆపి చేస్తాడయ్యా. జొరమొచ్చినప్పుడు గూడా చేసినాడు. రెండేండ్లలో ఒక్క పొద్దు తప్పలేదు. నువ్వొకసారి కనుక్కో."

పుంగనూరుకు, ఆయన భార్యకు, మా వదినకు ఫోన్ చేశాను. ఎత్తింది వదిన కాదు, పక్కింటి ఆమె. ఆరు గంటలప్పుడు వీడియో అన్న స్నానం చేసి, రోజూలాగే కెమెరాకు విభూతి పెట్టి, ఊదుబత్తి వెలిగించబోతూ అట్లే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడట. వదిన కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదట.

మండీలో నా గొంతు ఆగిపోయింది. "ఏమప్పా, పాట ఆపేస్తివే?" అని రైతులు కేకలేస్తున్నారు. నేను ఆ అమ్మాయికి తిరిగి ఫోన్ చేశాను. ఎట్ల చెప్పాలో తెలియలేదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మాత్ర ఏసుకున్నావామ్మా?"

అది రోజూ ఎనిమిదికి అన్న అడిగే మాట. నా గొంతులో వినపడేసరికి ఆ బిడ్డకు అర్థమైపోయింది. "ఏసుకున్నానయ్యా," అని ఫోన్ పెట్టేసింది.

ఆయన గురించి ఈ ఆదివారం మీకు చెప్పాలి. అందులో నా తప్పు ఒకటి ఉంది. అది విడిచిపెట్టి ఆయన్ని పొగిడితే ఆయన ఒప్పుకోడు.

నేను పాస్టర్ని కానని మీకు తెలుసు. కురబలకోట మండలంలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాణ్ణి. మందను తోలుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కొని లేఖనం చదువుకున్నవాణ్ణి. మండీ వెనకాల ఈ రేకుల షెడ్డులో ఆదివారాలు కాయలేరే ఆడవాళ్ళు, క్రేట్లు మోసే మగవాళ్ళు కూర్చుంటే నాకు తెలిసింది చెప్తాను. గొంతు దేవుడిచ్చాడు, మండీ దానికి పదును పెట్టింది. నన్ను పైకెత్తింది ఆ గొంతే, కింద పడేసిందీ ఆ గొంతే.

అన్నను మొదట చూసింది పన్నెండేళ్ళ కిందట, పుంగనూరులో మా సంఘంవాళ్ళ పెళ్ళిలో. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. గంటంబావు చెప్పాను. దిగి వస్తుంటే వీడియో తీసే మనిషి ఎదురొచ్చాడు. నుదుట విభూతి, భుజాన తువ్వాలు. మెచ్చుకుంటాడేమో అనుకొని నిలబడ్డాను.

"ఏమప్పా, ఒకతావ నిలబడవే నువ్వు? నీ వెనకాల పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ళు అరిగిపాయె."

"ఆత్మ నడిపిస్తే నిలబడేదానికి కాదన్నా," అన్నాను.

"ఆత్మకి చెప్పు. ఆఖరి వరసలో ముసలాయప్ప ఒకడు నీళ్ళకని అర్ధగంటగా చెయ్యెత్తుతాండాడు. నాకు కనపడె. నీకు కనపళ్ళేదా?"

కోపం వచ్చింది నాకు. విభూతి పెట్టుకున్నవాడు నాకు చెప్పేదేమిటని. కానీ ఆ తర్వాత ఏ పెళ్ళికి పోయినా ఆయన్నే చూసేవాణ్ణి. గుళ్ళో పెళ్ళయినా, మసీదు పక్కన నిఖా అయినా, మా సంఘంలో అయినా ఆయన పద్ధతి ఒకటే. తాళి కట్టే గడియ అయిపోయాక కెమెరా భుజాన పెట్టుకొని కుర్చీల మధ్యకు దిగేవాడు. వరస వరసగా, మనిషి మనిషి దగ్గరా రెండు ఊపిర్లు తీసేంత సేపు ఆగి, మొహం పట్టి, పక్కకు జరిగేవాడు. మంచి బట్టలు లేవని స్తంభం చాటున కూర్చున్నవాళ్ళ దగ్గరికి ముందు పోయేవాడు. ఎవరైనా ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కెమెరా దించి, నమిలేదాకా ఆగి, మళ్ళీ ఎత్తేవాడు.

"వీడియోలో అందరూ పడాల," అనేవాడు. "పెండ్లికొడుకుని ఎవురైనా పడతారు. పెద్దపంజాణి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిన్నమ్మని ఎవురు పడతారు?"

ఆయన్ని మా విశ్వాసంలోకి తేవాలని నేను చేయని ప్రయత్నం లేదు. నరకం గురించి చెప్పాను. అగ్నిగుండం గురించి మండీ గొంతుతో చెప్పాను. ఆయన కెమెరా అద్దం తుడుచుకుంటూ వినేవాడు. చివర్లో, "బాగుండాది తమ్ముడా. ఇంగొంచెం మెల్లిగా చెప్పుంటే ఇంగా బాగుండు," అనేవాడు. మరకేదైనా సరే, అద్దం మీదది గానీ, ఇంట్లో గొడవ గానీ, ఆయన మాట ఒకటే. "తుడిస్తే పోతాదిలే."

మూడేళ్ళ కిందట ఆయన మేనకోడలు సినిమా తీస్తానని వచ్చింది. ఆయమ్మది కుప్పం. ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, వదిలేసింది. చేతిలో పెద్దగా ఏమీ లేదు. కథ మాత్రం ఉంది. ఒక రైతు తన భార్యకు వచ్చే మూర్ఛల్ని డాక్టరుకు చూపించాలని కెమెరాతో పట్టుకుంటూ ఉంటాడు. చుట్టాలు దెయ్యమంటారు. దెయ్యాన్ని వదిలించే బోధకుణ్ణి పిలిపిస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు, కెమెరా మాత్రం దొరుకుతుంది. ఆ దొరికిన వీడియోనే సినిమా. ఎవరో నిజంగా తీసుకున్నట్టే ఉండాలి, దెయ్యమా జబ్బా అన్నది చివరిదాకా తేలకూడదు. ఇదీ ఆ అమ్మాయి లెక్క.

నేను ఆదివారం షెడ్డులో దీన్ని దుమ్ము దులిపాను. "దెయ్యాన్ని అమ్ముకునే వ్యాపారం" అన్నాను. మధ్యాహ్నానికి అన్న వచ్చాడు.

"మా పాప సినిమాలో బోధకుడు కావాల. బెంగళూరు నుంచి ఒకాయప్ప వచ్చినాడు. దెయ్యాన్ని పొమ్మని అడుక్కుంటాండాడు. దెయ్యం పోకపోగా కాఫీ అడిగేటట్టుండాది. నువ్వు రా."

"నేనా? దానిమీద పొద్దున్నే ప్రసంగం చేసి..."

"విన్నాను. గొంతు బాగుండె. దెయ్యాన్ని తిట్టేదానికి మైకు ఇస్తామంటే వద్దంటావేందప్పా?"

సువార్త కోసమే ఒప్పుకుంటున్నానని చెప్పుకున్నాను. అబద్ధం. తెరమీద నా మొహం చూసుకోవాలని ఉండింది, అంతే.

పెద్దపంజాణి రోడ్డులో వాడకుండా పడివున్న పట్టుపురుగుల షెడ్డులో షూటింగ్. సినిమాలో అంతా రాత్రి. రాత్రి తీయాలంటే లైట్లు కావాలి, లైట్లకు జనరేటరు కావాలి. అవేవీ లేవు. అందుకని మిట్టమధ్యాహ్నమే కిటికీలన్నీ కప్పి చీకటి చేశారు. కప్పింది మా ఇంటి కంబళ్ళతో. మా అమ్మ ఇరవై కంబళ్ళు ఆటోలో వేసుకొని తానే వచ్చింది. ఇచ్చి వెళ్ళిపోతుందనుకుంటే, చుట్టూ కూర్చునే ఊరి జనంలో తానూ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆ చీకటి, ఆ ఉక్క, ఆ గొర్రెబొచ్చు వాసన నా చిన్నతనమే. నాకు భయమెట్ల వస్తుంది?

దెయ్యం పట్టిన భార్యగా చేసింది మా వదినే. పుంగనూరులో జాకెట్లు కుట్టుకునే మనిషి. చేసేదానికి ఎవరూ దొరక్క ఆమెను ఒప్పించారు.

"ఇన్నేండ్లకి మీ అత్తకి దెయ్యముండాదని మీరే ఒప్పుకుంటిరి," అన్నాడు అన్న.

"నాకు పట్టలేదు. పట్టింది కెమెరా ఎత్తుకొనుండే ఆయప్పకి. మరిదీ, ముందు ఆయనకి ప్రార్థన చెయ్యి," అంది వదిన.

అసలు కష్టం వేరే. ఇట్లాంటి సినిమాలో కెమెరా వణకాలట. భయపడినవాడి చేతిలో ఉన్నట్టు ఊగాలట.

"మామా, వణికించు."

"వణకకుండా పట్టేదానికి ముప్పై ఏండ్లు పట్టింది పాపా. ఇప్పుడు వణకమంటే యాడ్నుంచి తెచ్చేది?"

పరిగెత్తమంటే పరిగెత్తాడు. బొమ్మ పల్లకీలో పోయినట్టు పోయింది. చివరికి ఆ అమ్మాయే వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకొని గుంజుతూ ఊపింది.

అసలు ఘట్టం వచ్చింది. వదిన జుట్టు విరబోసుకొని కేకలేస్తోంది. నేను గర్జిస్తున్నాను. షెడ్డు రేకులు అదిరాయి. నిజంగా చెప్తున్నాను, ఆ గడియలో నేను నటిస్తున్నానో ప్రార్థిస్తున్నానో నాకే తెలియలేదు. ఓరకంట చూద్దును కదా, కెమెరా మా మీద లేదు! అన్న మమ్మల్ని వదిలేసి గోడ వెంబడి మెల్లగా పోతున్నాడు. కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరా రెండు ఊపిర్లసేపు. ఒక తాత కెమెరా తన దగ్గరికి వస్తోందని తెలిసి జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకున్నాడు. ఒకామె కొంగు సర్దుకొని నవ్వింది. ఇంకొకామె దండం పెట్టింది. అమ్మాయి తల పట్టుకుంది.

"మామా! దెయ్యం ఆడుంటే నువ్వు ఈడ యాల తిరుగుతాండావు?"

"పొద్దున్నుంచి కూర్చోనుండారు పాపా. ఒక్కసారి గూడా పట్టకపోతే ఏమనుకుంటారు?"

"ఇది పెండ్లి కాదు మామా!"

"పెండ్లి కాకపోతే మాత్రం మనుషులు కారా?"

మళ్ళీ తీద్దామంటే బ్యాటరీ చివరి ముక్కకు సరిపోయేంతే ఉంది. అది అట్లే ఉండిపోయింది. దానికి ఈ పొద్దు దేవునికి స్తోత్రం చెప్తున్నాను. ఆ వరసలో మా అమ్మ ఉంది. నా గర్జన కింద, చెవి పెట్టి వింటే, ఆమె గొంతు వినిపిస్తుంది. కెమెరాలోకి చూసి, "తిన్నావా నాయనా?" అంటుంది. కెమెరా వెనకనుంచి అన్న, "తింటానమ్మా, ఇది అయిపోనీ," అంటాడు. మా అమ్మ ఆ మరుసటేడే పోయింది. ఆమె కదిలి మాట్లాడే బొమ్మ నాకు ఆ రెండు ఊపిర్లే.

ఇక నా తప్పు. ఆ రోజే, దానికి ముందు తీసిన ముక్కలో, వదిన కోసం ప్రార్థించి వెళ్ళిపొమ్మనే నాకు చెప్పారు. వదిన చేతిలో మాత్రలున్నట్టు చూపించాలని పుదీనా బిళ్ళలు నాలుగు పెట్టారు. ఆవేశంలో నేను ఆ చేతిని కొట్టాను. బిళ్ళలు చెల్లాచెదురుగా పడ్డాయి. "మాత్రలు పారెయ్! విశ్వాసముండే ఇంట్లో మాత్రలకి చోటు లేదు!" అని అరిచాను. ఎవరూ రాసిచ్చిన మాట కాదది. నా లోపల్నుంచి వచ్చింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. "అయ్యగారూ, ఇదే నా సినిమా," అంది.

చివర్లో కెమెరా నేలమీద పడిపోవాలి.

"పడేయ్ మామా. పాతదే కదా."

"పాతదే. మా ఇంటికొచ్చిన లెక్కలో మీ అత్త కంటే నాలుగేండ్లు సిన్నది." ఒక కంబళి మడతపెట్టి, నిద్రపోయే బిడ్డను ఉయ్యాలతొట్టిలో వేసినట్టు, దాన్ని ఒక పక్కకు పడుకోబెట్టాడు. అంతలో అద్దం మీద నా నోటి తుంపర్లు కనపడ్డాయట. ఆగలేకపోయాడు. రికార్డవుతోందని తెలిసే వంగి, అద్దం మీద ఊపిరి ఊది, తువ్వాలుతో తుడిచాడు. "నీ వాక్యం అద్దం మీద పడిందప్పా," అన్నాడు నాతో. అమ్మాయి కూడా ఇక నవ్వేసింది.

సినిమా పూర్తికాకముందే ఆ అమ్మాయి ఒక చిన్న ముక్క ఇంటర్నెట్లో పెట్టింది. ఎవరో దాన్ని మరీ చిన్నగా కత్తిరించారు. సినిమా పేరు పోయింది. మిగిలింది నేను, వదిన, ఎగిరిపడే బిళ్ళలు. కింద, 'మదనపల్లె సేవకుడు దెయ్యాన్ని వదిలించిన నిజమైన వీడియో' అని రాసి ఫోన్లలో తిప్పారు. పుంగనూరులో వదినను ఎరిగినవాళ్ళు నవ్వుకున్నారు. దూరం పల్లెల్లో ఆమెను ఎరిగినవాళ్ళెవరు?

మా షెడ్డు నిండిపోయింది. ముప్పైమంది వచ్చే చోట మూడువందలమంది. "అది నిజమేనా అయ్యా?" అని ఒకామె అడిగింది. నేను కాదనలేదు. "దేవునికి అసాధ్యమేముందమ్మా?" అన్నాను. మాటగా అది సత్యమే. ఆ సత్యాన్ని తెచ్చి అబద్ధం మీద కంబళిలాగా కప్పాను. మూడు ఆదివారాలు అట్లే నడిపాను. మీలో కొందరు ఆ ఆదివారాల్లోనే మొదట వచ్చారు. మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మూడో ఆదివారం పెద్దమండ్యం వైపునుంచి ఒక రైతు కూతుర్ని ఎత్తుకొని వచ్చాడు. పదిహేనేళ్ళ పిల్ల. ఆ పిల్లే మంగళవారం నాకు ఫోన్ చేసింది. చిన్నప్పటినుంచి మూర్ఛలు. మదనపల్లె డాక్టరు మాత్రలతో రెండేళ్ళు బాగుండింది. నా వీడియో చూసి తండ్రి మాత్రలు ఆపేశాడు. తొమ్మిది రోజులు. బస్సులో వస్తూ రెండుసార్లు వచ్చిందట. నాలుక తెగి రక్తం కారుతోంది. మూడువందలమంది లేచి నిలబడి నన్ను చూస్తున్నారు. ఆ తండ్రి అన్నాడు, "మీరు చెప్పినట్టే మాత్రలు మాన్పించినానయ్యా. ఇంగ మీ చెయ్యి పెట్టండి."

చేయి ఎత్తాను. దాచిపెట్టి లాభం లేదు, ఎత్తాను.

ఆ రోజు ప్రార్థన కూటం వీడియో తీయమని నేనే అన్నను పిలిపించుకున్నాను. ఆయన కెమెరా ఆపేశాడు. పని నడుస్తుండగా ఆయన కెమెరా ఆపెయ్యడం నేను అదొక్కసారే చూశాను. వచ్చి నా మోచెయ్యి పట్టుకొని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

"ఆ పొద్దు తీసింది మొత్తం నా తావ ఉండాది. కట్ చెప్పినాంక జరిగింది గూడా. వెనకోళ్ళకి కనపడాలని నువ్వు పెట్టించిన టీవీకి తగిలిస్తే అందరికీ కనపడతాది," అన్నాడు.

"అన్నా, నా పరువు తీస్తావా?"

"నేను తీయను. నేను చూపిస్తే నువ్వు దొంగవు. నువ్వే చూపిస్తే ఆ బిడ్డకి ఒక దారుంటాది. నీ యిష్టం తమ్ముడా. బిన్నే చెప్పు, ఆలస్యం చేయొద్దు. పాప నోట్లో రక్తం కారతాండాది."

"ఇంతమంది పోతారన్నా. ఇన్నేండ్ల కష్టం."

"పోనీ. తుడిస్తే పోయే మరకే ఇది. ఇయ్యాల తుడిస్తే పోతాది. ఆ బిడ్డకేమన్నా అయితే ఇంగ పోదు."

లోపలికి వచ్చాను. టీవీకి వైర్లు ఆయన తగిలించాడు. మీట నేనే నొక్కాను.

మొదట అందరికీ తెలిసిందే వచ్చింది. నా కేక, బిళ్ళలు ఎగరడం, వదిన పడిపోవడం. కొందరు స్తోత్రమన్నారు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, "కట్!" వదిన లేచి కూర్చొని, "నా కండ్లద్దాలు యాడ పెడితిరి?" అంది. పక్కన పడిన బిళ్ళను తీసి, ఉఫ్ మని మన్ను ఊది, నోట్లో వేసుకుంది. ఆ తర్వాత నేను. చెమటలు కారుతూ, పళ్ళికిలించి, "అన్నా, గొంతు బాగొచ్చిందా? ఇంగోసారి చేద్దామా?"

"అది నాటకం. ఆ మాట నేను కల్పించింది. దేవుడు నాతో చెప్పలేదు," అన్నాను. మండీలో వందమందిని దాటి వినపడే నా గొంతు మొదటి వరస దాటలేదు. ఒకాయన లేచి కాండ్రించి ఉమ్మి బయటికి పోయాడు. అతని వెనక ఇంకా చాలామంది.

తండ్రి మాత్రం అట్లే నిలబడి ఉన్నాడు. "అట్లయితే మేం యాడికి పోవాలయ్యా?" అన్నాడు.

"మాత్రలు పారేసినావా నాయనా?"

ఆయన తలవంచుకొని సంచిలోంచి ఒక గుడ్డమూట తీశాడు. "పారెయ్యమంటిరి. చేతులు రాలేదు. తప్పయిపోయిందయ్యా, విశ్వాసం సాల్లేదు."

లేఖనంలో ఒక తండ్రి ఉన్నాడు, మీకు తెలుసు. నిప్పుల్లో నీళ్ళల్లో పడిపోయే కొడుకును తీసుకొని ప్రభువు దగ్గరికి వస్తాడు. నమ్ముతున్నానంటాడు, ఆ నోటితోనే నా అపనమ్మకానికి సాయం చెయ్యమని ఏడుస్తాడు. దాని మీద నేను ఇరవైసార్లు బల్ల గుద్ది మాట్లాడాను, ఆ తండ్రిని తప్పుపడుతూ. ప్రభువు ఆయన్ని తప్పుపట్టి పంపెయ్యలేదు, బిడ్డను లేపి ఇచ్చాడు. అది ఆ గుడ్డమూట చూసినరోజే నాకు కనపడింది. ఆ మూటలో ఉండిందే విశ్వాసం. నాది ఉత్త గొంతు.

అన్న అప్పటికే తన వ్యానులో పెళ్ళిసామాను పక్కకు తోసి చోటు చేశాడు. ఆదివారం కూడా చూసే ఆసుపత్రికి తీసుకుపోయాం. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు. వేళ తప్పకూడదని, మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు తండ్రిని గట్టిగా కోప్పడ్డాడు. బయట బెంచీ మీద ఆ కోపమంతా నా వీపు మీద పడుతున్నట్టు కూర్చున్నాను. అన్న ఆ అమ్మాయి నంబరు రాసుకుంటున్నాడు.

"ఎన్నింటికమ్మా ఏసుకునేది?"

"పొద్దున ఎనిమిదికి, రేతిరి ఎనిమిదికి."

"రేతిరిది మీ నాయన సూసుకుంటాడు. పొద్దునిది నాకిడువు."

అప్పట్నుంచి రోజూ ఎనిమిదికి ఫోన్. పెళ్ళిలో ముహూర్తం నడుస్తున్నా సరే, "మాత్ర ఏసుకున్నావామ్మా?" అని అడిగి, అవుననిపించుకొని పెట్టేసేవాడు.

మా షెడ్డులో మళ్ళీ ముప్పైమందే మిగిలారు. ఆ తర్వాతి ఆదివారం అన్న వచ్చి, పిలవకుండానే కెమెరా తీసి, ముప్పైమంది దగ్గరా రెండేసి ఊపిర్లసేపు నిలబడ్డాడు. "ఇప్పుడు అందరూ పడతాండారు. ముందు ఇరుకుగా ఉండె," అన్నాడు.

సినిమా కుప్పంలో ఒక కల్యాణమండపంలో వేశారు. ముందు సినిమా పేరు, ఇది కల్పిత కథ అన్న మాట పెద్ద అక్షరాలతో పెట్టించింది ఆ అమ్మాయి. మాత్రల ముక్క తీసేసింది, నేను అడగకముందే. ఒక్కరూ భయపడలేదు. కెమెరా గోడ వెంబడి పోతుంటే, "అదిగో మా తాత!" "మన చిన్నక్క సూడు!" అని కేకలు. దెయ్యం సినిమాలో జనం కళ్ళు తుడుచుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆ తర్వాత చాలామంది ఆ అమ్మాయిని అడిగి, సినిమా వద్దు ఆ వరసొక్కటి చాలని ఫోన్లలో ఎక్కించుకున్నారు.

ఇప్పుడు నన్ను కొందరు అడుగుతున్నారు. ఆయన విభూతి పెట్టుకునే పోయాడు కదా, ఆయన గతేమిటని. అడిగేవాళ్ళు దమ్ముంటే నా ముందుకు వచ్చి అడగండి! దారిపక్కన కొట్టబడి పడివున్నవాణ్ణి చూసి భక్తిపరులిద్దరు పక్కగా పోయారని, ఎవరూ లెక్కచెయ్యని పరాయివాడొకడు ఆగి తన జంతువు మీద ఎక్కించుకొని పోయాడని మీరు చదవలేదా? ఆ పరాయివాణ్ణి చూపించి, నువ్వూ పోయి అట్లే చెయ్యమన్నాడే గానీ, వాడి నుదుటి మీద ఏముందని ప్రభువు అడగలేదు. ఆ ఆదివారం పక్కగా పోబోయిన భక్తిపరుణ్ణి నేను. వ్యాను ఆయనది.

దినం నాటికి పటం కట్టించాలన్నారు. ఇల్లంతా వెతికారు. బీరువాల నిండా క్యాసెట్లు, డిస్కులు. మూడు తాలూకాల పెళ్ళిళ్ళున్నాయి. ఆయన మాత్రం ఎందులోనూ లేడు. ఆధార్ కార్డులో ఉన్న ఫోటో ఎవరో నేరస్తుడిదిలా ఉంది. ఆయన పెళ్ళికి ఫోటో తీయించుకునే స్తోమత లేకపోయిందట.

"ఊరందరినీ పట్టినాడు మరిదీ. ఆయన్ని పట్టినోళ్ళు ఒకరూ లేరు," అని వదిన ఖాళీ పటం చట్రం ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. అప్పుడు మేనకోడలు కుప్పం నుంచి బస్సు దిగి, సంచి కూడా దించకుండా, "ఉండాడత్తా. నా సినిమాలో ఉండాడు," అంది.

నేను మా పల్లెకు పోయి కంబళ్ళు తెచ్చాను. అవే కంబళ్ళు. పొద్దున్నే వదిన ఇంటి కిటికీలకు కప్పితే చీకటి పడింది, మా అమ్మ ఇంటి వాసన వచ్చింది. చాపల మీద అందరూ సర్దుకున్నారు. పెద్దమండ్యం అమ్మాయి నాన్నతో వచ్చి ముందు కూర్చుంది. ఎనిమిది కాగానే నేను అడిగాను. చేతిలో మాత్ర చూపించి, నీళ్ళు తాగి, తలూపింది.

మేనకోడలు ఆ చివరి ముక్క వేసింది. బొమ్మ ఊగి, మెల్లగా ఒరిగి, కంబళి మీద ఒక పక్కకు ఆగింది. అంతా మసక. నా నోటి తుంపర్లు. ఆ మసకలోకి ఒక మొహం దగ్గరికి వచ్చింది, చాలా దగ్గరికి. విభూతి, నెరిసిన మీసం, కండ్ల కింద ముడతలు. మనల్ని చూడటం లేదు. మరకను చూస్తున్నాడు. పెదవులు గుండ్రంగా చేసి ఊపిరి ఊదాడు. తెరంతా తెల్లబడింది.

వదిన చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వచ్చింది.

"మళ్ళీ ఏయక్కా," అంది పెద్దమండ్యం అమ్మాయి మెల్లగా.

మళ్ళీ ఊపిరి. మళ్ళీ తెలుపు. తర్వాత తువ్వాలు వచ్చి, గుండ్రంగా ఒకసారి, రెండోసారి తిరిగి, పక్కకు తప్పుకుంది. అద్దం తేటపడింది. మొహం పోయింది. గోడ వెంబడి మనుషులు ఒరిగిన వరసలో ఒక్కొక్కరూ స్పష్టంగా కనపడ్డారు. మా అమ్మ కూడా. దువ్వెన చేతిలో పట్టుకున్న తాత కూడా.